ఆయన మీకేమవుతారు?

2025 జనవరి మొదటి వారంలో మా అమ్మ తెనాలి ఇంటి పెరట్లో బట్టలు ఆరేస్తూ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఎదురింటి పెద్దమ్మ ఫోను చేసేసరికి హైదరాబాద్‌లో రాత్రి ఎనిమిది దాటింది. కాచిగూడలో డెల్టా బండి పట్టుకుని, సంక్రాంతి రద్దీలో తలుపు దగ్గరే నిలబడి, తెల్లవారుతుండగా ఊళ్ళో దిగాం. దిగాం అంటున్నాను, ఎందుకంటే నాతో పాటు తనూ వచ్చాడు. తన పేరు ఇక్కడ రాయను. ఇంటర్మీడియట్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే లెక్చరర్ అని మాత్రం చెబుతాను. పేరు ఎందుకు రాయడం లేదో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

ఆపరేషన్ గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జరిగింది. కౌంటరులో కాగితాలు నింపుతున్న అమ్మాయి, "పేషెంటుకు మీరేమవుతారు?" అని అడిగింది. కొడుకునని చెప్పాను. తర్వాత తన వైపు చూసి, "ఆయన మీకేమవుతారు?" అంది. స్నేహితుడన్నాను. దగ్గరి బంధువులకే పాసు ఇస్తామంది. ఆ పది రోజులూ తను మెట్ల పక్కన బెంచీ మీదే పడుకున్నాడు. మందులు తెచ్చాడు, రక్తం ఇచ్చేవాళ్ళను వెతికి పట్టుకొచ్చాడు, రెండు పూటలా భోజనం క్యారియరు మోశాడు. వార్డులోకి మాత్రం అడుగు పెట్టలేదు. ఆ కౌంటరు అమ్మాయి మీద నాకు కోపం లేదు. పన్నెండేళ్ళుగా నాతో బతుకుతున్న మనిషిని ఆ ఒక్క మాటతో గుమ్మం బయట నిలబెట్టింది నేను. కానీ ఆ చోట ఇంకేమని చెప్పాలో నాకు తెలియలేదు.

మేం కలుసుకున్నది 2013 ఫిబ్రవరిలో, హైదరాబాద్‌లో మాలాంటి స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ వ్యక్తులు కలిసి నడిచే ప్రైడ్ నడక మొట్టమొదటిసారి జరిగినప్పుడు. అదే ఏడాది డిసెంబరు 11న సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే 377వ సెక్షన్‌ను తిరిగి నిలబెట్టింది. అంటే మా ప్రేమ మొదలైన ఏడాదే మేం చట్టం కళ్ళకు నేరస్థులమయ్యాం. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ముద్ర చెరిపేసింది. మర్నాటి తెలుగు పత్రిక చేతిలో పట్టుకుని తెనాలి వెళ్ళి అమ్మకు నా సంగతి చెప్పాను. అమ్మ పత్రిక మొత్తం చదివింది. మడిచి గూట్లో పెట్టి, "మీ నాన్నకు చెప్పకు" అంది. నాన్న 2021లో పోయారు. నేను చెప్పలేదు. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది.

పెళ్ళి హక్కు కోసం సుప్రీంకోర్టుకు వెళ్ళిన కేసులో ముందు పేరు హైదరాబాద్ జంటదే. 2023 అక్టోబరు 17న ఆ హక్కు ఇవ్వలేమని, అది పార్లమెంటు పని అని తీర్పు వచ్చింది. దానిపై వేసిన పునఃసమీక్ష పిటిషన్లను 2025 జనవరి 9న కొట్టేశారు. ఆ వార్తను తను ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఫోనులో చదివాడు. నాకు చూపించలేదు. అమ్మ ఇంటికి వచ్చాక చెప్పాడు.

అమ్మ ఇంటికి వచ్చింది కానీ నాలుగు కాళ్ళ వాకరు లేకుండా లేవలేదు. మా అక్క ఒంగోలులో అత్తమామలతో, ఇద్దరు పిల్లలతో ఉంటుంది. అమ్మ హైదరాబాద్ రానంది. ఎనిమిదో అంతస్తులో ఊపిరాడదంది. నా కంపెనీ నెలకు నాలుగు రోజులు ఆఫీసుకు వస్తే చాలంటుంది. కాబట్టి దారి ఒకటే కనబడింది: మేమిద్దరం తెనాలి వెళ్ళిపోవడం. ఆ మాట నేను ఎంతో తేలికగా అనేశాను. తను వెంటనే జవాబు చెప్పలేదు. రెండు రోజుల తర్వాత, కుక్కరు మూత బిగిస్తూ, "నువ్వు నీ ఊరికి వెళతావు. నేను మీ ఊరికి వస్తాను. రెండూ ఒకటి కాదు" అన్నాడు. ఆ తర్వాత ఎన్ని లెక్కలు వేసినా ఆ మాట దగ్గరికే తిరిగి వచ్చాం. హైదరాబాద్‌లో మేమిద్దరం సమానంగా పరాయివాళ్ళం. తెనాలిలో నేను ఫలానా మాస్టారి అబ్బాయిని. తను ఎవరు?

మియాపూర్‌లో మా అపార్ట్‌మెంటులో అరవై ఇళ్ళున్నాయి. ఎనిమిదేళ్ళలో మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. దాన్ని నేను స్వేచ్ఛ అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ అమ్మ పడినప్పుడు ఆ శబ్దం విని వీధి దాటి వచ్చింది పెద్దమ్మ. ఆటో పిలిచింది పక్కింటి కుర్రాడు. ముందు కట్టాల్సిన డబ్బు తన బీరువాలోంచి తీసి ఇచ్చింది మూడో ఇంటి బియ్యం కొట్టాయన. మియాపూర్‌లో మాలో ఒకరు స్నానాల గదిలో పడిపోతే రెండో మనిషి ఇంటికి వచ్చేదాకా ఎవరికీ తెలియదు. ఏమీ అడగని చోట ఏమీ వినబడదు కూడా. మా వయసులు నలభై దాటాయి. ఈ లెక్క ఇరవైల్లో గుర్తురాదు.

ముందు రెండు నెలలు ఉండి చూద్దామని నిశ్చయించుకున్నాం. తనకు వేసవి సెలవులు. ఏప్రిల్ మొదట్లో రెండు సూట్‌కేసులతో, ఒక కంప్యూటర్‌తో తెనాలి చేరాం. మేడ మీద రెండు గదులు, చిన్న వంటిల్లు ఉన్నాయి. అమ్మ అప్పటికే పనిమనిషి చేత రెండు గదుల్లోనూ ఒక్కొక్క మంచం వేయించింది. దాని గురించి ఎవరం ఏమీ మాట్లాడుకోలేదు.

మొదటి పది రోజులు నిజంగా హాయిగా గడిచాయి. పొద్దున్నే కాలువ గట్టు మీద నడక. మా ఊళ్ళో మూడు కాలువలు పారతాయి, ఆంధ్రా ప్యారిస్ అన్న పేరు వాటి వల్లే వచ్చిందంటారు. సాయంత్రం వైకుంఠపురం గుడి దాకా వెళ్ళి రావడం. బోస్ రోడ్డులో నా చిన్ననాటి పుస్తకాల షాపు. తను ఊరంతా నాకన్నా శ్రద్ధగా చూశాడు. విగ్రహాలు పోతపోసే షెడ్ల ముందు గంటల తరబడి నిలబడేవాడు. అమ్మ చేత రోజూ పొద్దునా సాయంత్రం వ్యాయామం చేయించే పని తనే తీసుకున్నాడు. నా మాట వినని అమ్మ తన మాట వినేది.

పదకొండో రోజో పన్నెండో రోజో పెద్దమ్మ కరివేపాకు కోసం వచ్చి, మెట్ల దగ్గర నిలబడి నాతో అంది: "మీ మేడ మీద రెండు గదులున్నాయి కదా నాయనా, రాత్రిళ్ళు ఒక గదిలోనే లైటు వెలుగుతుంది. రెండో దాంట్లో బల్బు పోయిందా? మా వాడి చేత వేయించనా?"

ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు. నేను ఆమె చేతుల్లో పెరిగాను. నిజంగానే బల్బు వేయించడానికి అడిగింది. కానీ ఆ రాత్రి నుంచి మేం రెండో గదిలో లైటు వేయడం మొదలుపెట్టాం. తొమ్మిదికి వేసి పదిన్నరకు తీసేసేవాళ్ళం. తను లేచి వెళ్ళి తీసి వచ్చేవాడు. ఒక రోజు మర్చిపోయి నిద్రపోయాం. అర్ధరాత్రి ఇద్దరికీ ఒకేసారి మెలకువ వచ్చింది. ఖాళీ గదిలో దీపం వెలుగుతూనే ఉంది. చీకట్లో తను, "మియాపూర్‌లో ఎనిమిదేళ్ళలో ఇలా ఎప్పుడైనా లేచామా?" అని అడిగాడు. నేను సమాధానం చెప్పలేదు. ఫోను చేయగానే ఆటో తెచ్చే కళ్ళూ, రాత్రి ఏ గదిలో దీపం ఉందో చూసే కళ్ళూ ఒకటే. ఒకటి తీసుకుని రెండోది వద్దనడానికి వీల్లేదు. తెనాలి వెళ్ళే ముందు మాకు ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించి ఇప్పుడిది రాస్తున్నాను.

మా బాబాయి ఒక ఆదివారం పనిగట్టుకుని వచ్చాడు. నన్ను వసారాలో కూర్చోబెట్టి, తను మేడ మీద ఉన్నాడని నిర్ధారించుకుని, గొంతు తగ్గించి మాట్లాడాడు. తిట్టలేదు. తిడితే నేను తట్టుకునేవాణ్ణి. "హైదరాబాద్‌లో మీరెలా ఉన్నా ఎవరికీ పట్టదురా. ఇక్కడ మీ నాన్న ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పాడు. ఆయన పేరు అడ్డం పెట్టుకుని అడుగుతున్నాను. నీ చెల్లెలికి సంబంధాలు చూస్తున్నాం" అన్నాడు. చెల్లెలంటే ఆయన కూతురు. నా బతుకు వల్ల ఆ పిల్ల పెళ్ళి ఆగిపోతుందని ఆయన భయం. ఆ భయం అబద్ధం కాదు, అలాంటి ఊళ్ళో అది జరిగే పనే. ఆయన మీద నాకు కోపం ఉంది, ఆ పిల్ల మీద ప్రేమ ఉంది. రెండింటిలో ఏదీ తగ్గలేదు. మా వెనుక మాకు తెలియని మనుషుల పెళ్ళిళ్ళు, పరువులు ముడిపడి ఉంటాయి. సొంత ఊరికి తిరిగి వెళ్ళాలనుకునే ఏ జంట అయినా ఈ ముడిని ముందే తడిమి చూసుకోవాలి. దానికి లొంగాలని నేను అనను. అది ఉందని తెలిసి ఉండాలంటాను.

ఇప్పుడు ఆవకాయ సంగతి చెప్పాలి. మే మొదటి వారం. అమ్మ కుర్చీలో, ఎదురింటి పెద్దమ్మ పీట మీద, తను నేల మీద చాప వేసుకుని కూర్చున్నారు. కాయలు మార్కెట్లోనే కొట్టించుకొచ్చాం. తను ఒక్కొక్క ముక్కా తీసుకుని, జీడి తీసేసి, టెంకకు అంటిన పొర గీకి, పొడిగుడ్డతో తుడిచి పళ్ళెంలో పెడుతున్నాడు. వాళ్ళది నల్లగొండ జిల్లా. ఆ పని తను వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నాడు. అమ్మ ఆవపిండి, కారం, ఉప్పు కొలిచి బేసినులో పోస్తోంది. తను దేనికో "ఆంటీ" అని పిలిచాడు. అప్పటిదాకా అలాగే పిలిచేవాడు. పెద్దమ్మ అందుకుంది: "ఆంటీ ఏమిటి నాయనా, పరాయి పిలుపు! పిన్నీ అనరాదూ? మావాడికి అన్నదమ్ముడిలా ఉన్నావు."

అమ్మ బేసినులోంచి చెయ్యి తీయలేదు. తల కూడా ఎత్తలేదు. "పిన్ని కాదక్కయ్యా" అంది. తర్వాత తనతో, "అత్తయ్యా అని పిలువు బాబూ" అంది.

తెలుగు ఇంట్లో పుట్టినవాళ్ళకు దీని అర్థం విప్పి చెప్పనక్కర్లేదు. పిన్ని కొడుకు అన్నదమ్ముడవుతాడు. అత్త కొడుకు బావ అవుతాడు. పిన్ని అని ఉంటే మాకు ఊళ్ళో ఏ చిక్కూ ఉండేది కాదు. అన్నదమ్ముల వరస కలిపి అందరూ మమ్మల్ని ఒక అరలో సర్దేసేవాళ్ళు. ఆ సుఖమైన అబద్ధాన్ని అమ్మ ఒద్దంది. పైకి చూస్తే ఊళ్ళో ఎవరైనా ఎవరినైనా అత్తయ్యా అని పిలవవచ్చు, వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. కానీ ఆ మాట అన్న అమ్మకు తెలుసు, విన్న నాకు తెలుసు, తుడుస్తున్న ముక్క చేతిలోనే పట్టుకుని ఆగిపోయిన తనకు తెలుసు. పెద్దమ్మకు తెలిసిందో లేదో ఆమె మొహం చూసి నేను పోల్చుకోలేకపోయాను. "నీ ఇష్టం తల్లీ" అని నూనె డబ్బా మూత తీసింది. 2018లో "మీ నాన్నకు చెప్పకు" అన్న మనిషి ఆ మాట దాకా రావడానికి ఏడేళ్ళు పట్టింది.

నాలుగో రోజు తిరగగలిపి ఊరిన పచ్చడిని అమ్మ జాడీలకెత్తింది. ఒకటి ఒంగోలుకు. ఒకటి ఇంట్లోకి. మూడోది చిన్న జాడీ, దానికి గుడ్డ వాసెన కట్టి తన ముందు పెట్టింది. "మీ అమ్మగారికి పంపు. వియ్యాలవారికి వట్టి చేతులు చూపించకూడదు" అంది. వాళ్ళింట్లో తనతో 2016 నుంచి మాటల్లేవు. తను మేడ మీదికి వెళ్ళి చాలాసేపు రాలేదు. మర్నాడు ఇద్దరం కొరియర్ ఆఫీసుకు వెళ్ళి పంపించాం. పంపినవారి పేరు దగ్గర అమ్మ పేరు రాశాడు. అందినట్టు ఫోనుకు సందేశం వచ్చింది. అంతకు మించి ఏమీ రాలేదు.

అదే నెలలో తను ఊళ్ళో ఒక జూనియర్ కాలేజీలో ఇంటర్వ్యూకు వెళ్ళాడు. అక్కడ ఉండటానికి ఏదో ఒక ఉద్యోగం కావాలి కదా. సబ్జెక్టు గురించి అడిగింది అయిదు నిమిషాలు. మిగతా పావుగంట కుటుంబం గురించి. పెళ్ళయిందా, నలభై వచ్చినా ఎందుకు కాలేదు, ఎవరింట్లో ఉంటున్నారు, వాళ్ళు మీకేమవుతారు, అమ్మాయిల సెక్షన్లు ఇస్తే తల్లిదండ్రులు పెళ్ళికాని లెక్చరర్ అంటే అభ్యంతరపెడతారేమో. ఉద్యోగం ఇస్తామన్నారు. ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే మెట్ల మీద కూర్చుని, "ఇరవై నిమిషాల్లో నాలుగు అబద్ధాలు చెప్పాను. లెక్కపెట్టాను" అన్నాడు. పెళ్ళి చూపులు నడుస్తున్నాయన్నది ఒకటి. మిగతా మూడూ నాకు చెప్పలేదు.

ఇక్కడ చట్టం ఎంతవరకు ఆసరా ఇస్తుందో మేం అప్పటికే తెలుసుకున్నాం. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం ట్రాన్స్ వ్యక్తులపై ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదంటుంది. గే లెక్చరర్‌ను ఒక ప్రైవేటు కాలేజీ తీసేస్తే ఆపమని నేరుగా చెప్పే అలాంటి చట్టం లేదు. నేను హైదరాబాద్ కంపెనీకి కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేస్తాను, నా జీతానికి తెనాలితో పనిలేదు. ఊరికి తెలిస్తే అన్నం ముద్ద పోయేది తనకు మాత్రమే. ఊరు నాది, నష్టం తనది. ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడే నాకు తెనాలి ఆలోచన సగం చచ్చిపోయింది.

ఇంకొక సగం ఎందుకు బతికి ఉందో చెప్పాలంటే ఒక కుర్రాడి గురించి చెప్పాలి. ఫోనులో పరిచయమయ్యాడు. ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి, ఒక షాపులో పనిచేస్తాడు. సాయంత్రం కాలువ గట్టు మీద మాతో కలిసి కూర్చున్నాడు. మేమిద్దరం ఒకే సీసాలో నీళ్ళు తాగడం కూడా కళ్ళార్పకుండా చూశాడు. "అన్నా, ఇంత వయసు వచ్చాక కూడా కలిసి ఉంటారా?" అని అడిగాడు. మేం వెళ్ళిపోతే మా ఊళ్ళో అలాంటి జంటను మళ్ళీ చూడలేనన్నాడు. శ్రావణంలో తనకు పెళ్ళి కుదిరిందని చివర్లో చెప్పాడు. అమ్మాయి మేనమామ కూతురు. వద్దని చెప్పే ధైర్యం లేదన్నాడు. మా రాష్ట్ర హైకోర్టే 2024 డిసెంబరులో ఇద్దరు అమ్మాయిలు కలిసి బతకవచ్చని, తల్లిదండ్రులు జోక్యం చేసుకోవద్దని చెప్పిందని నేను చెప్పాను. మనసు బాగాలేకపోతే 14416కు ఫోను చేయవచ్చని, టెలీ మానస్ అనే ఆ ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైనులో తెలుగులోనే మాట్లాడతారని చెప్పాను. విన్నాడు. "కోర్టు మా ఇంటికి రాదు కదన్నా" అన్నాడు. ఆ రాత్రి మాకిద్దరికీ నిద్ర పట్టలేదు.

మేం మేడ మీద ఉన్న రోజుల్లోనే, మే 22న, మద్రాసు హైకోర్టు తీర్పు ఒకటి వచ్చింది. పెళ్ళికి గుర్తింపు లేకపోయినా స్వలింగ జంట కుటుంబం కాగలదని, పెళ్ళి ఒక్కటే కుటుంబానికి దారి కాదని ఇద్దరు న్యాయమూర్తులు చెప్పారు. పొరుగు రాష్ట్రపు కోర్టు, మాకు నేరుగా వర్తించదు. అయినా తను దాన్ని బిగ్గరగా చదివాడు, నేను విన్నాను. తర్వాత మా కాగితాలన్నీ బయటికి తీశాం. ఎక్కడ బతికినా ఆ పని వాయిదా వేయకూడదనిపించింది.

ఈ కాగితాల సంగతి మాలాంటివాళ్ళకు ఉపయోగపడుతుందని కొంచెం వివరంగా రాస్తాను. ప్రతి ఫారంలోనూ "సంబంధం" అని ఒక గడి ఉంటుంది. ఊరు అడిగే ప్రశ్నే అది, అచ్చు వేసి ఉంటుందంతే. స్వలింగ జంటలు ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా రాసుకోవడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. ఆ ప్రకటన ప్రతి పట్టుకుని బ్యాంకుకు వెళ్ళాం. గుమాస్తా మంచివాడు, "సోదరుడు అని రాసేయండి సార్, సులువుగా అయిపోతుంది" అన్నాడు. నేను భాగస్వామి అని రాశాను. వ్యాపారం ఏమిటని అడిగాడు. అప్పుడు ముందు "జీవిత" చేర్చాను. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి ముద్ర వేశాడు. చేయి వణికింది నాకే. రేషను విషయంలో కూడా అదే ఏడాది కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది, రేషను కార్డులో స్వలింగ జంటను ఒకే ఇంటివాళ్ళుగా చూడాలని. మేమింకా ఆ కార్డుకు ప్రయత్నించలేదు.

బ్యాంకుతో పని అయిపోదు. నామినీ అంటే సొమ్ము చేతికి అందుకునేవాడే కానీ సొంతదారు కాడని గుంటూరు లాయరు గారు మాకు పదే పదే చెప్పారు. జీవిత బీమాలో తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే 2015 సవరణ ప్రకారం సొమ్ము వాళ్ళకే చెందుతుంది. తన పేరు రాస్తే ఆ రక్షణ లేదు, వారసులు అడగవచ్చు. భవిష్య నిధిలో అయితే నా మీద ఆధారపడిన అమ్మ ఉండగా కుటుంబం బయటివాళ్ళ పేరు రాస్తే చెల్లదు. అందుకని ఇద్దరం వీలునామాలు రాశాం. ఇద్దరు సాక్షులు సంతకం చేస్తే చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళి చేయించాం. రేపు బాబాయి పిల్లలో, తన అన్నదమ్ములో వచ్చి నిలదీస్తే కాగితం గట్టిగా ఉండాలి. ప్రాణాంతక స్థితిలో చికిత్స గురించి ముందే రాసి పెట్టుకునే పత్రాన్ని కూడా సుప్రీంకోర్టు 2023లో సులభం చేసింది, నోటరీ చాలు. అందులో నా తరఫున మాట్లాడే మనిషిగా తన పేరు రాశాను. మళ్ళీ ఏ కౌంటరు దగ్గరైనా "ఆయన మీకేమవుతారు" అంటే చూపించడానికి ఒక కాగితమైనా ఉండాలని. ఒక సాక్షిగా మా అక్క సంతకం చేసింది. ఆమె పిల్లలు తనను చిన్న మామయ్యా అంటారు, వాళ్ళకు ఆ వరస ఎవరూ నేర్పలేదు.

జూన్ మొదట్లో తేల్చుకున్నాం. గుంటూరులో ఇల్లు తీసుకున్నాం. తెనాలికి పాతిక కిలోమీటర్లు, రైలైతే ముప్పావు గంట. తనకు అక్కడ ఒక కాలేజీలో ఉద్యోగం దొరికింది. స్నేహితుడితో కలిసి ఉంటాను, పెళ్ళి చేసుకునే ఉద్దేశం లేదు అన్నాడు. మరి అడగలేదు. పూర్తి నిజం కాదు, కానీ అబద్ధం కూడా కాదు. శుక్రవారం సాయంత్రం తెనాలి వెళ్ళి సోమవారం పొద్దున వస్తాం. మిగతా రోజులకు అమ్మకు తోడుగా ఒకామెను పెట్టాం.

అమ్మ బాధపడుతుందని భయపడుతూ చెప్పాను. ఆమె చాలాసేపు ఆలోచించి చెప్పిన జవాబు నాకు ఇంకా వినబడుతూనే ఉంది: "మంచిదే. మీరు రోజూ ఇక్కడే ఉంటే రోజూ ఎవరో ఒకరికి జవాబు చెప్పుకోవాలి. అంత ఓపిక నాకు లేదురా. వారానికి రెండు రోజులైతే చెప్పగలను." మేం మా బరువు గురించి, తన ఉద్యోగం గురించి ఎన్ని రాత్రులు మాట్లాడుకున్నామో లెక్కలేదు. ఆ వీధిలో మా తరఫున ఎప్పుడూ జవాబు చెబుతున్నది అమ్మ అని మాకు ఒక్కసారీ తట్టలేదు.

ఇది సరైన నిర్ణయమా అంటే, మాకు ఇప్పటికి సరిపోయింది. అమ్మ వాకరు వదిలి చేతికర్రతో నడుస్తోంది. అద్దె ఒప్పందం పదకొండు నెలలకు రాసుకున్నాం, ఈ వేసవిలో మళ్ళీ కూర్చుని మాట్లాడుకుంటాం. సాటి జంటలు అడిగితే ఒకటే చెబుతాను, రెండు నెలలు ఉండి చూడకుండా సామాను కట్టవద్దని. ఇద్దరిలో ఎవరికి ఆ ఊరు పరాయిదో వాళ్ళ మాటే చివరి మాట కావాలని.

ఆ కుర్రాడి పెళ్ళి శ్రావణంలో అయిపోయింది. శుభలేఖ వాట్సాప్‌లో పంపాడు. మేం వెళ్ళలేదు. తర్వాత ఫోను చేస్తే ఎత్తడం లేదు. ఆ అమ్మాయి గురించి కూడా ఆలోచిస్తూ ఉంటాను, ఆమె చేసిన తప్పేమీ లేదు. తమ్ముడూ, ఇది నీ కంటపడితే నా నంబరు మారలేదు. గుంటూరు ఇంట్లో మాకు రెండో గది ఉంది. అందులో దీపం ఊరికే వెలిగించడం లేదు, అది నిజంగానే ఖాళీగా ఉంది. ఏ వేళకైనా రావచ్చు.